మెడికల్ అసిస్టింగ్ డిగ్రీకి 38 వేల డాలర్ల లోన్ తీసుకోవచ్చా, ఆగి సోనోగ్రఫీ చేయాలా?

ముందు ప్రశ్న క్లుప్తంగా చెప్తాను, అడిగినావిడ పోస్టు పొడుగ్గా ఉంది కాబట్టి. ఈవిడ డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటారు. మన దగ్గర బీఎస్సీ మైక్రోబయాలజీ చేశారు. ఇప్పుడు గ్రీన్ కార్డు వచ్చింది, పిల్లలిద్దరూ బడికెళ్తున్నారు. ఇంటికి దగ్గర్లోని ఒక ప్రైవేటు కెరీర్ కాలేజీ మెడికల్ అసిస్టింగ్‌లో (క్లినిక్‌లో డాక్టరుకి సాయంగా బీపీ చూడడం లాంటి పని) అసోసియేట్ డిగ్రీ (బ్యాచిలర్స్ కంటే చిన్నది, దాదాపు రెండేళ్లది) ఇస్తామంటోంది. 20 నెలలు, 38,000 డాలర్లు, వచ్చే నెలే క్లాసులు, లోన్ సంగతి కూడా వాళ్లే చూసుకుంటారట. కమ్యూనిటీ కాలేజీలో (తక్కువ ఫీజుల స్థానిక ప్రభుత్వ కాలేజీలో) సోనోగ్రఫీ (అల్ట్రాసౌండ్ స్కానింగ్) అయితే ముందు ప్రీరిక్విజిట్లు (సీటుకి ముందే చేయాల్సిన సబ్జెక్టులు), తర్వాత సీటు వస్తే రెండేళ్లు, మొత్తం మూడేళ్లు. "హెల్త్‌కేర్‌లో జీతాలు బాగుంటాయి కదా, లోన్ తీర్చేయలేమా?" అన్నది ప్రశ్న.

ఆ లోన్ తీసుకోవద్దండి. హెల్త్‌కేర్ మంచిది కాదని కాదు, లోన్ అంటే భయపడమనీ కాదు. ఆ డిగ్రీ ఇచ్చే ఉద్యోగం ఆ అప్పుని మోయలేదు, అంతే. పైగా ఆ ఉద్యోగానికి అసలు ఆ డిగ్రీ అక్కర్లేదు.

నేను డల్లాస్ చుట్టుపక్కల ఆసుపత్రుల్లో చాలా ఏళ్లుగా రెస్పిరేటరీ థెరపిస్టుగా (ఊపిరి ఇబ్బందులు, వెంటిలేటర్లు చూసే పని) చేస్తున్నాను. కమ్యూనిటీ కాలేజీ అసోసియేట్ డిగ్రీతోనే మొదలుపెట్టాను, బ్యాచిలర్స్ ఉద్యోగం చేస్తూ తర్వాత పూర్తిచేశాను. క్లినికల్స్‌కి (ఆసుపత్రిలో చేసే ప్రాక్టికల్ శిక్షణకి) వచ్చే స్టూడెంట్లకి ప్రిసెప్టర్‌గా (దగ్గరుండి పని నేర్పే సీనియర్‌గా) ఉంటాను, కొత్తవాళ్లని తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూల్లో కూర్చుంటాను. ఫైనాన్స్ నా సబ్జెక్టు కాదు. కానీ బ్రేక్ రూమ్‌లో కూర్చుంటే ఎవరి లోన్ ఎంత, ఎవరు ఎన్ని ఎక్స్‌ట్రా షిఫ్టులు ఎందుకు చేస్తున్నారు అన్నీ తెలిసిపోతాయి.

"అలైడ్ హెల్త్ అసోసియేట్ డిగ్రీ" (డాక్టర్లు, నర్సులు కాని వైద్య ఉద్యోగాలకి) అని అందరూ ఒకే గంపలో వేసి మాట్లాడతారు. ఆ గంపలో ఏమేమున్నాయో చూడండి. బ్యూరో ఆఫ్ లేబర్ స్టాటిస్టిక్స్ 2024 మే లెక్కల్లో ఏడాదికి మీడియన్ (వరసలో మధ్యనున్నవారి) జీతాలు సుమారుగా ఇవి: డెంటల్ హైజీనిస్ట్ 94 వేల డాలర్లు, సోనోగ్రాఫర్ 89 వేలు, రెస్పిరేటరీ థెరపిస్ట్ 80 వేలు, ఎక్స్‌రే టెక్నాలజిస్ట్ 77 వేలు, ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్ 65 వేలు, మెడికల్ అసిస్టెంట్ 44 వేలు, ఫార్మసీ టెక్నీషియన్ 43 వేలు. పై కొసకీ కింది కొసకీ రెండింతల పైనే తేడా ఉంది. గోడమీద తగిలించే పట్టా మీద మాత్రం అన్నిటికీ "అసోసియేట్" అనే ఉండొచ్చు.

తేడా ఎక్కడుందంటే లైసెన్స్‌లో, బోర్డు సర్టిఫికెట్‌లో. సోనోగ్రఫీ, రేడియోగ్రఫీ (ఎక్స్‌రే), రెస్పిరేటరీ, డెంటల్ హైజీన్ వీటికి మామూలుగా గుర్తింపు ఉన్న ప్రోగ్రాం పూర్తిచేస్తేనే బోర్డు పరీక్ష రాయనిస్తారు, అది పాసైతేనే ఆసుపత్రో క్లినిక్కో గుమ్మం తొక్కనిస్తుంది. క్లినికల్ సైట్లు తక్కువ కాబట్టి సీట్లూ తక్కువ, అందుకే జీతం నిలబడుతుంది. మెడికల్ అసిస్టెంట్‌కి టెక్సస్‌లో రాష్ట్ర లైసెన్సే లేదు. కొన్ని నెలల సర్టిఫికెట్‌తో కమ్యూనిటీ కాలేజీ నుంచి వచ్చినమ్మాయీ, 38 వేలు పోసి అసోసియేట్ చేసినమ్మాయీ అదే క్లినిక్‌లో, అదే బీపీ మెషిన్ పట్టుకుని, ఇంచుమించు అదే గంట రేటుకి పనిచేస్తారు. కొన్ని క్లినిక్కులైతే ఏ సర్టిఫికెట్టూ లేనివాళ్లని తీసుకుని వాళ్లే నేర్పించుకుంటాయి.

ఇప్పుడు మీ లెక్క వేద్దాం

మీకు పెళ్లయింది కాబట్టి ఫెడరల్ లోన్ రూల్స్ ప్రకారం మీరు ఇండిపెండెంట్ స్టూడెంట్. మొదటి ఏడాది గరిష్ఠంగా 9,500 డాలర్లు, రెండో ఏడాది 10,500. అంటే రెండేళ్లకి 20,000. 2025-26కి అండర్‌గ్రాడ్యుయేట్ వడ్డీ 6.39 శాతం.

పెల్ గ్రాంట్ (తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ సాయం) వస్తుందని ఆ కాలేజీవాళ్లు అన్నారని రాశారు. రాదండి. ఇది మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఏ దేశంలో చేసినా సరే, బ్యాచిలర్స్ డిగ్రీ ఉన్నవాళ్లకి పెల్ గ్రాంట్ ఇవ్వరు. మీ బీఎస్సీ ఆంధ్రాలో చేసినదైనా బ్యాచిలర్సే. ఫాఫ్సా (ఫెడరల్ ఎయిడ్ కోసం నింపే) ఫారంలో బ్యాచిలర్స్ ఉందా అనే గడి దగ్గర "లేదు" అని పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే అక్కడ్నుంచి లేచి వచ్చేయండి, అది ఫెడరల్ ఫారంలో అబద్ధం రాయడం. గ్రాంట్ రాదు గానీ లోన్‌కి మాత్రం మీరు అర్హులే.

మిగతా 18,000 ఎక్కడ్నుంచి వస్తుంది? "మేం చూసుకుంటాం" అన్నది దీని గురించే. ప్రైవేటు లోనో, కాలేజీ సొంత లోనో ఉంటుంది. దాదాపు ఎప్పుడూ మీ వారి సంతకం కూడా అడుగుతారు. వడ్డీ ఎంతో మీరు రాయలేదు, నేను 12 శాతం అనుకుంటున్నాను.

20,000కి 6.39 శాతం, పదేళ్లు: నెలకి 226 డాలర్లు. 18,000కి 12 శాతం, పదేళ్లు: నెలకి 258. రెండూ కలిపి నెలకి 484, ఏడాదికి 5,800 పైచిలుకు.

మా వైపు కొత్త మెడికల్ అసిస్టెంట్లకి గంటకి 17, 18 డాలర్ల దగ్గర మొదలవడం చూస్తుంటాను. 18 అనుకుంటే ఏడాదికి 37,440. 2023లో విద్యాశాఖ తెచ్చిన గెయిన్‌ఫుల్ ఎంప్లాయ్‌మెంట్ రూల్‌లో ఒక కొలత ఉంది: గ్రాడ్యుయేట్ల లోన్ వాయిదాలు ఏడాది సంపాదనలో 8 శాతం లోపు ఉండాలి. మీ లెక్క 15 శాతం దాటుతోంది. ప్రభుత్వం ఆ రూల్‌ని ఎలా అమలు చేస్తుంది, ఎన్నిసార్లు మారుస్తుంది అన్నది పక్కన పెట్టండి, మన ఇంటి లెక్కకి ఆ 8 శాతం గీత చాలా పనికొస్తుంది.

ఇంకో సంగతి. మీ వారు సాఫ్ట్‌వేర్ అన్నారు. ఇద్దరూ కలిపి ట్యాక్స్ ఫైల్ చేస్తారు కాబట్టి మీ జీతంలో మొదటి డాలర్ నుంచే ఆయన పై శ్లాబు పడుతుంది. 22 శాతం శ్లాబు అనుకుంటే, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ 7.65 శాతం కూడా పోగా, 37,440లో చేతికొచ్చేది నెలకి సుమారు 2,200. అందులో 484 లోన్. ఆఫ్టర్ స్కూల్ కేర్‌కి ఇద్దరు పిల్లలకి ఎంతవుతుందో మీకే తెలుసు. పెట్రోలు, రెండో కారు ఇన్సూరెన్స్ కూడా వేసుకుంటే తడిసి మోపెడవుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి పనిచేసి ఇంటికి తెచ్చేది ఎంత మిగులుతుందో మీరే కాగితం మీద పెట్టి చూడండి.

అదే కమ్యూనిటీ కాలేజీ దారిలో దేశం మొత్తం మీద లోకల్ స్టూడెంట్లకి సగటు ట్యూషన్ 2024-25లో ఏడాదికి 4,050 డాలర్లు. మీ జిల్లాలో ఇంకా తక్కువే ఉండొచ్చు. మూడేళ్లకి ట్యూషన్, పుస్తకాలు, స్క్రబ్స్, బోర్డు పరీక్షల ఫీజులు అన్నీ కలిపి 15,000 అనుకుందాం, మొత్తం లోన్ మీదే చదివారనుకుందాం. వాయిదా నెలకి 170. కొత్త సోనోగ్రాఫర్‌కి గంటకి 32 వేసుకున్నా ఏడాదికి 66,500 పైన. వాయిదాలు అందులో 3 శాతం.

"కానీ ఏడాదిన్నర ఆలస్యం కదా" అంటారు. నిజమే, దాని ఖరీదూ లెక్కేద్దాం. తేడా 16 నెలలు. ఆ 16 నెలల్లో మెడికల్ అసిస్టెంట్‌గా వచ్చేది సుమారు 50,000, ట్యాక్సులకి ముందు. సోనోగ్రాఫర్ జీతం దానికంటే ఏడాదికి 29,000 ఎక్కువ. అంటే రెండేళ్లు తిరక్కుండానే ఆలస్యం పూడిపోతుంది. ఆ తర్వాత మిగిలిన కెరీర్ అంతా లాభమే. మెడికల్ అసిస్టెంట్ జీతం పెరుగుదల మాత్రం గొర్రె తోక బెత్తెడే.

మీ విషయంలో మూడో దారి కూడా ఉంది, అది మీరు ప్రశ్నలో అడగలేదు. మైక్రోబయాలజీ బీఎస్సీ చేతిలో పెట్టుకుని అసోసియేట్ డిగ్రీ వైపు ఎందుకు చూస్తున్నారు? మెడికల్ లేబొరేటరీ సైన్స్‌లో బ్యాచిలర్స్ ఉన్నవాళ్ల కోసమే దాదాపు ఏడాది సర్టిఫికెట్ ప్రోగ్రాంలు ఉన్నాయి, కొన్ని యూనివర్సిటీల్లో, కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో. నాక్ల్స్ (ల్యాబ్ కోర్సులకి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉందా చూసుకోండి, పూర్తయ్యాక ఏఎస్‌సీపీ అనే బోర్డు పరీక్ష. టెక్సస్‌లో ల్యాబ్ వాళ్లకి రాష్ట్ర లైసెన్స్ లేదు, ఏఎస్‌సీపీ సర్టిఫికెట్టే అందరూ అడిగేది. ల్యాబ్ టెక్నాలజిస్టుల, టెక్నీషియన్ల మీడియన్ కలిపి 62 వేల దగ్గర ఉంది. సోనోగ్రఫీ అంత కాదు. కానీ ఏడాదే, చదివిన సబ్జెక్టే, పేషెంట్లని ఎత్తి పడుకోబెట్టే పని లేదు. నైట్ షిఫ్టులు మాత్రం ఉంటాయి. నేనైతే మీ ఇండియా సర్టిఫికెట్లని ముందు మూల్యాంకనం చేయించి (ఇక్కడి ఏ చదువుకి సమానమో తేల్చే పని), ఆ ప్రోగ్రాం కోఆర్డినేటర్‌కి ఒక ఈమెయిల్ పంపి, వాళ్లేమంటారో చూసి అప్పుడు మిగతా సంగతి ఆలోచిస్తాను.

జీతాల అంకెలు ఎలా మోసం చేస్తాయో

ఇది కాస్త వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మంచి కోర్సు ఎంచుకున్నవాళ్లు కూడా ఇక్కడే బోల్తా పడతారు.

ఒకటి, మీడియన్ అంటే ఆ వృత్తిలో ఉన్న అందరి మధ్య అంకె. ఇరవయ్యేళ్ల అనుభవం ఉన్నవాళ్లూ అందులో ఉంటారు. మీకు మొదటి ఏడాది అది రాదు. కాలేజీ బ్రోచర్‌లో మాత్రం అదే అంకె పెద్దక్షరాల్లో ఉంటుంది.

రెండు, ఆ ఏడాది జీతం చాలావరకు గంట రేటుని 2,080 గంటలతో గుణించి చెప్పేది. వారానికి 40 గంటలు, 52 వారాలు. డెంటల్ హైజీన్‌లో ఇది బాగా తేడా కొడుతుంది. నాకు తెలిసిన ఒక హైజీనిస్టు ప్లేనోలో రెండు క్లినిక్కుల్లో కలిపి వారానికి మూడు రోజులు చేస్తుంది, అదీ పేషెంట్ క్యాన్సిల్ చేసుకుంటే కొన్నిసార్లు ఇంటికి పంపేస్తారు. 94 వేల మీడియన్‌ని గంటకి విడగొడితే 45 డాలర్లు. వారానికి 24 గంటలు, 50 వారాలు చేస్తే 54 వేలు. హెల్త్ ఇన్సూరెన్స్ లేదు. ఆమె భర్త ఇన్సూరెన్స్ మీద ఉంది కాబట్టి ఇబ్బంది లేదు, పిల్లలతో ఆ టైమింగ్స్ ఆమెకి బాగా కుదిరాయి. కానీ 94 వేలు వస్తుందనుకుని ప్రైవేటు కాలేజీలో భారీ లోన్‌తో చదివినవాళ్లకి అదే పని గొంతుమీద కత్తి అవుతుంది.

మూడోది కాలేజ్ స్కోర్‌కార్డ్. విద్యాశాఖ వెబ్‌సైటు, చాలా మంచిది, తప్పకుండా చూడండి. కానీ అక్కడ కోర్సులు విడివిడిగా ఉండవు, గుంపులుగా ఉంటాయి. "అలైడ్ హెల్త్ అండ్ మెడికల్ అసిస్టింగ్ సర్వీసెస్" అనే గుంపులో మెడికల్ అసిస్టెంట్లూ, ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్లూ, ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంట్లూ కలిసే ఉంటారు. ఒక కాలేజీలో ఆ గుంపు జీతం 55 వేలు కనబడిందంటే అది ఫిజికల్ థెరపీ వైపు పిల్లల వల్ల వచ్చిందేమో. మీరు చేరేది మెడికల్ అసిస్టింగ్. రెండో పెద్ద గుంపులో రేడియోగ్రఫీ, సోనోగ్రఫీ, రెస్పిరేటరీతో పాటు సర్జికల్ టెక్నాలజీ, ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్లు కూడా ఉంటారు. కాబట్టి ముందు ఆ కాలేజీ ఆ గుంపులో ఏయే కోర్సులు నడుపుతోందో చూసి, అప్పుడు అంకె చదవండి.

ఇంకా ఒకటి: స్కోర్‌కార్డ్ జీతాల్లో ఫెడరల్ ఎయిడ్ తీసుకున్నవాళ్లే ఉంటారు. కమ్యూనిటీ కాలేజీలో చేతి డబ్బుతో కట్టుకున్నవాళ్లు లెక్కలోకి రారు, చిన్న ప్రోగ్రాంలకైతే అసలు అంకే ఉండదు. అప్పు అంకెలో ప్రైవేటు లోన్లు కలపరు. మీ కేసులో 38లో 18 వేలు అక్కడ కనబడవన్నమాట.

అందుకే నేను అడిగినవాళ్లందరికీ చెప్పేది: జీతం అంకె బ్రోచర్‌లో కాదు, ఉద్యోగ ప్రకటనల్లో వెతకండి. మీ ఇంటి నుంచి 30 మైళ్లలో ఆ పోస్టుకి "న్యూ గ్రాడ్" అని ఉన్న ప్రకటనలు తెరిచి, రేంజ్‌లో కింది అంకె రాసుకోండి. మొత్తం అప్పు, ప్రైవేటుదీ ఫెడరల్‌దీ కలిపి, ఆ మొదటి ఏడాది జీతంలో సగం దాటకపోతే నిశ్చింతగా ఉండొచ్చు. సగం నుంచి ముప్పాతిక దాకా అయితే ఆలోచించాలి. అంతకు మించితే ఆ కాలేజీ వద్దు, అదే కోర్సు ఇంకో చోట వెతకండి.

ఈ లెక్క మంచి వృత్తుల్ని కూడా ఆపేస్తుంది ఒక్కోసారి. ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్ మంచి పని, నాకు బాగా ఇష్టమైనవాళ్లు అందులో ఉన్నారు. కానీ 2022 జనవరి నుంచి అసిస్టెంట్లు చేసిన థెరపీకి మెడికేర్ పార్ట్ బి (పెద్దవయసువాళ్ల ప్రభుత్వ ఇన్సూరెన్స్) మామూలు రేటులో 85 శాతమే చెల్లిస్తోంది. యజమానికి తక్కువ వస్తే జీతం ఎక్కడ పెరుగుతుంది? మొదట 52 వేలొచ్చే ఆ ఉద్యోగానికి 8 శాతం గీత 30 వేల లోన్ దగ్గరే ఆగిపోతుంది. కమ్యూనిటీ కాలేజీలో చదివితే భేషుగ్గా ఉంటుంది. ప్రైవేటులో 50 వేలు పెట్టి చదివితే కుదరదు. పని అదే, లైసెన్స్ అదే, ఫీజు ఒక్కటే మారింది.

కాలేజీవాళ్లని అడగాల్సినవి

"అక్రెడిటెడ్ కాలేజీయేనా?" అని అడిగితే అందరూ అవుననే అంటారు. మీరు అడగాల్సింది ఆ *ప్రోగ్రాం* గురించి. ఒక్కో కోర్సుకి గుర్తింపు ఇచ్చే సంస్థ వేరు. రేడియోగ్రఫీకి జేఆర్‌సీఈఆర్‌టీ, రెస్పిరేటరీకి కోఆర్క్, డెంటల్ హైజీన్‌కి కోడా, ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్‌కి క్యాప్టీ, సోనోగ్రఫీకి కాహెప్. ఆ సంస్థల వెబ్‌సైట్లో మీరే వెతుక్కోండి, కౌన్సెలర్ మాట మీద వదలొద్దు. సోనోగ్రఫీలో ఇది మరీ ముఖ్యం. కాహెప్ లేని సోనోగ్రఫీ స్కూళ్లు ఉన్నాయి, వాటిలో చదివి బోర్డు పరీక్షకి కూర్చోలేక రెండేళ్లు తిరిగినవాళ్లని చూశాను.

పాస్ రేటు అందరూ అడుగుతారు. నేను పూర్తిచేసినవాళ్ల శాతం అడగమంటాను. ఇరవై మంది చేరి పన్నెండు మంది బయటపడి, ఆ పన్నెండు మందీ పరీక్ష పాసైతే పాస్ రేటు నూరు శాతం. మధ్యలో మానేసిన ఎనిమిది మందికీ లోన్ ఉంటుంది, లైసెన్స్ ఉండదు. అందరికంటే కష్టం వాళ్లదే. గుర్తింపున్న ప్రోగ్రాంలు ఈ అంకెలు బహిరంగంగా పెట్టాలి, వెబ్‌సైట్లో వెతికితే దొరుకుతాయి. దొరక్కపోతే అదే జవాబు అనుకోండి.

క్లినికల్ సైట్ ఎక్కడ, ఎవరు ఏర్పాటు చేస్తారు అనీ అడగండి. కొన్ని చోట్ల "మీరే వెతుక్కోండి" అంటారు. అలాంటి చోట చేరొద్దు.

ఆ ఫీజు కాగితం తీసుకున్నప్పుడు కింద దాకా చదవండి. మా దగ్గరికి వచ్చిన ఒక స్టూడెంట్ నాకు చూపించిన కాగితంలో "ఫైనాన్షియల్ ఎయిడ్" అన్న శీర్షిక కింద ఐదు వరుసలున్నాయి, అన్నీ కలిపి ఫీజుకి సరిపోయి, చివర "మీరు చెల్లించవలసింది: 0" అని ఉంది. ఆ ఐదింటిలో నాలుగు లోన్లే. ఒకటి మాత్రం 500 డాలర్ల స్కాలర్‌షిప్. ఆ సున్నా చూసి ఇంట్లోవాళ్లంతా ఫ్రీ సీటు వచ్చిందనుకున్నారట.

కెరీర్ కాలేజీలన్నీ మోసమని నేననను. కానీ చరిత్ర ఒకటుంది. కొరింథియన్ కాలేజెస్ అనే పెద్ద గొలుసు, ఎవరెస్ట్ పేరుతో మెడికల్ అసిస్టింగ్ లాంటివి నేర్పేది, 2015 ఏప్రిల్‌లో మూతపడింది. అక్కడ చదివిన 5 లక్షల 60 వేల మంది లోన్లు, 580 కోట్ల డాలర్లు, 2022లో ప్రభుత్వం రద్దు చేయాల్సివచ్చింది. ఆ ఏడేళ్లూ వాళ్ల క్రెడిట్, వాళ్ల టెన్షన్ ఎవరు తీరుస్తారు? 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2026 జూలై నుంచి కొత్త పరీక్ష ఒకటి పెట్టారు: అసోసియేట్ ప్రోగ్రాం పూర్తిచేసినవాళ్ల మధ్య జీతం ఆ రాష్ట్రంలో హైస్కూల్ మాత్రమే చదివిన 25–34 ఏళ్లవాళ్ల జీతం కంటే తగ్గితే, మూడేళ్లలో రెండేళ్లు అలా జరిగితే, ఆ ప్రోగ్రాంకి ఫెడరల్ లోన్ ఆగిపోతుంది. మంచిదే. కానీ హైస్కూల్ జీతాన్ని దాటడం అన్నది చాలా కిందనున్న గీత. అది దాటినంత మాత్రాన 38 వేలు పెట్టొచ్చని కాదు.

వీసా మీద ఉన్నవాళ్లకి (కామెంట్లలో ఇద్దరు ముగ్గురు అడిగారు)

హెచ్4 (హెచ్1 ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే వీసా), హెచ్4 ఈఏడీ (ఉద్యోగ అనుమతి కార్డు), గ్రీన్ కార్డు పెండింగ్‌లో ఉన్నవాళ్లు, ఎఫ్1 (స్టూడెంట్ వీసా): ఫెడరల్ లోన్ రాదు. కాబట్టి మీ అప్పంతా ప్రైవేటే అవుతుంది, అందుకే కమ్యూనిటీ కాలేజీ, చేతి డబ్బు, ఒక్కో సెమిస్టర్ కట్టుకుంటూ పోవడమే దారి. హెచ్4 వాళ్లకి లోకల్ ఫీజు వర్తిస్తుందా అన్నది అడ్మిషన్స్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. ఈఏడీ లేకుండా చదవొచ్చు గానీ ఉద్యోగం చేయలేరు. ఈ ఉద్యోగాలకి బ్యాచిలర్స్ అవసరం లేదు కాబట్టి వీటి మీద హెచ్1 స్పాన్సర్‌షిప్ ఆశించొద్దు. ఇండియా నుంచి ఎఫ్1 మీద వచ్చి అసోసియేట్ చేద్దామనుకునేవాళ్లకి అసలు చెప్పను, ఆ లెక్క ఎటు తిప్పినా తేలదు.

పిల్లల కోసం అడిగిన తల్లిదండ్రులకి ఒక్కమాట: పేరెంట్ ప్లస్ లోన్ మీ పేరు మీద ఉంటుంది, వడ్డీ 2025-26కి 8.94 శాతం. రెండేళ్ల కోర్సుకి దాని జోలికి వెళ్లాల్సి వస్తోందంటే కాలేజీ మార్చండి.

డబ్బు తగ్గించుకునే మార్గాలు కొన్ని. మీకు బ్యాచిలర్స్ ఉంది కాబట్టి లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ కింద ట్యూషన్‌లో 20 శాతం, 2,000 డాలర్ల దాకా, ట్యాక్స్ తగ్గుతుంది. ఇద్దరి ఆదాయం కలిపి 1,60,000 దాటాక అది తరుగుతూ 1,80,000 దగ్గర పూర్తిగా ఆగిపోతుంది. ఉద్యోగంలో చేరాక ఆసుపత్రి ఏడాదికి 5,250 దాకా చదువుకి ట్యాక్స్ లేకుండా ఇవ్వొచ్చు. నా బ్యాచిలర్స్ అలాగే అయింది. లాభాపేక్ష లేని ఆసుపత్రుల్లో పదేళ్లు చేస్తే లోన్ మాఫీ స్కీమ్ ఉంది కదా అంటారు. చిన్న లోన్‌కి దానివల్ల ఒరిగేదేం లేదు, మామూలు వాయిదాల్లోనే పదేళ్లకి తీరిపోతుంది. ప్రైవేటు లోన్‌కి అది అసలు వర్తించదు.

ఒళ్లు గురించి కూడా చెప్పాలి, జీతం లెక్కల్లో ఇది రాదు. సోనోగ్రాఫర్లలో భుజం, మణికట్టు నొప్పి లేనివాళ్లు అరుదు. ప్రోబ్‌ని రోజంతా నొక్కిపట్టి, ఇంకో చేత్తో కీబోర్డు, మెడ స్క్రీన్ వైపు తిప్పి ఉంటుంది. మా పనిలో పొద్దున 6:30కల్లా రిపోర్టు, 12 గంటల షిఫ్టు, వెంటిలేటర్ల మధ్య పరుగులు. కొత్తవాళ్లకి ముందు దొరికేది నైట్లు, వీకెండ్లు. క్లినికల్స్ కూడా ఉద్యోగంలాగే ఉంటాయి, జీతం ఉండదు. ఆ రెండేళ్లూ పిల్లల్ని బడి నుంచి ఎవరు తెస్తారన్నది లోన్ కంటే ముందు తేల్చుకోవాల్సిన విషయం.

క్లినికల్స్‌కి ముందు టీబీ పరీక్ష అడుగుతారు. మనందరికీ చిన్నప్పుడు బీసీజీ వేస్తారు కాబట్టి చర్మం మీద చేసే పరీక్ష పాజిటివ్ రావచ్చు, దాంతో ఎక్స్‌రేలు, కాగితాలు, రెండు వారాలు పోతాయి. మొదటే రక్త పరీక్ష చేయించండి.

సోనోగ్రఫీయే కావాలనుకుంటే అదొక్కదానికే అప్లై చేసి కూర్చోవద్దు, సీట్లు చాలా తక్కువ. అనాటమీ-ఫిజియాలజీ రెండు భాగాలు, అల్జీబ్రా, ఇంగ్లిష్ ఈ ప్రీరిక్విజిట్లు రేడియోగ్రఫీకీ రెస్పిరేటరీకీ కూడా చాలావరకు అవే. మూడింటికీ పెట్టండి. మీ బీఎస్సీ క్రెడిట్లలో కొన్ని వాడుకోనిస్తారేమో కూడా మూల్యాంకనం తర్వాత తెలుస్తుంది. సైన్స్ సబ్జెక్టులకి కొన్ని కాలేజీలు ఐదేళ్లో ఏడేళ్లో గడువు పెడతాయి, మీవి పాతవైతే మళ్లీ చేయాల్సిరావచ్చు. అనాటమీలో "ఏ" గ్రేడు తెచ్చుకోండి, అడ్మిషన్ పాయింట్లు అక్కడే పడతాయి.

ఆ ప్రైవేటు కాలేజీలో మీరు ఇప్పటికే ఏమైనా సంతకం పెట్టారా, అడ్వాన్సు కట్టారా అన్నది రాయలేదు. పెట్టి ఉంటే ఈ రాత్రే ఆ ఒప్పందం తీసి క్యాన్సిలేషన్ గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. ఫోన్ చేసి చెప్పొద్దు, మాట మార్పించడానికి చూస్తారు. ఈమెయిల్‌లో తేదీతో రాసి పంపండి, లోన్ కాగితాల మీద మీ వారి సంతకం ఉంటే ఆ లోన్ సంస్థకి విడిగా ఇంకో ఈమెయిల్ పెట్టండి. వడ్డీ ఎంత రాశారో కూడా చూసి ఇక్కడ పెట్టండి, నా 12 శాతం తప్పైతే లెక్క మళ్లీ వేసి ఇస్తాను.